మూడు పూటల పాలు

పోయిన ఆదివారం మా నవ్య వచ్చింది. నవ్య అంటే మా తమ్ముని బిడ్డ. గచ్చిబౌలి దిక్కు అద్దాల బిల్డింగుల కూసోని, మన దేశమసొంటి ఎదుగుతున్న దేశాల షేర్ మార్కెట్లు వచ్చే ఏడాది ఎటు పోతయో అంచనాలు రాసే నౌకరి దానిది. సైదాబాద్‌ల మా గల్లీలకు కారు పట్టదు. మూల మీద ఆపుకోని, సంచి భుజానేసుకోని ఉరుక్కుంటొచ్చింది. చెప్పులు సుత ఇడ్వకుండ గడపల నిలవడి, "అత్తా, నన్ను టీవీల పిలిచిండ్రు" అన్నది. ఇగ చూడాలె నా సంబురం! ఏండ్లకేండ్లు జూనియర్ కాలేజీల కామర్స్ చెప్పిన మనిషిని నేను. నేను చెప్పిన పాఠం నలుగురు పోరగాళ్ళు ఇంటే అదే గొప్ప అనుకునేదాన్ని. మా ఇంటి పిల్ల ముచ్చట దేశమంత ఇంటదంటే నాకు కాళ్ళు భూమ్మీద ఆగుతయా? పొయ్యి మీద చాయ పెట్టి, అది పొంగిందాక సోయి లేకుండ ముచ్చట పెట్టిన.

చాయ తాగుకుంట నవ్య అసలు సంగతి చెప్పింది. మార్కెట్ ముచ్చటకు ముందు ఏదన్న ఇంటి కథ చెప్పుమన్నరంట టీవీవోళ్ళు. తాత కథ చెప్తనన్నది. మా బాపు కథ. అది మా సుట్టాలల్ల అందరికి తెల్సిన కథే. పెండ్లిళ్ళల్ల, పుట్టెంటికలల్ల ఎవలో ఒకలు ఎత్తుతనే ఉంటరు. పాలమ్ముకునే మల్లయ్య, బడి మొఖం చూడని మల్లయ్య, లోకమంత మార్కెట్ పెరుగుతది పెరుగుతదని ఎగురుతుంటే, అది కూలుతదని ముందే పసిగట్టి, కొట్టంల బర్రెలమ్మే బేరం కాడ చెయ్యి ఎనకకు గుంజుకున్నడు. "గా కథ ఇనే నేను ఈ లైన్ల కొచ్చిన అత్తా. తాత తెలివి కొంచమన్న నాకు రాకపోతదా అని" అన్నది. దాని మొఖం చూస్తే వెలిగిపోతున్నది. నేను మాత్రం చాయ గిలాస కింద పెట్టిన. ఎందుకంటే ఆ దినం ఆ కొట్టంల నేనున్న. అమ్మ, బాపు ఇద్దరు పోయిండ్రు, తమ్ముడు అప్పుడు హాస్టల్ల ఉండి చదువుకునేటోడు. జరిగింది జరిగినట్టు చూసినోళ్ళల్ల ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

ఇప్పుడు మా ఎనక కిరాయి పోర్షన్లు లేసిన జాగల అప్పుడు మా బర్రెల కొట్టం ఉండె. ఆ వాసన ఇప్పటికి నా ముక్కుల ఉన్నది. నానవెట్టిన గానుగపిండి, తడి గడ్డి, పేడ, వాటి మీద దోమలకని అమ్మ పొద్దుగూకంగ ఏసే ఊదు పొగ. చీకటి పోకముందే బాపు లేసేది. పాలు పిండేటప్పుడు బాపు మాట్లాడడు, ఎవరన్న మాట్లాడినా ఊకోడు. బకీట్ల పాలధార సప్పుడు మొదలు సన్నగ, నురుగు పెరిగినకొద్ది మెత్తగ వినొచ్చేది. అది ఇనుకుంటనే నేను నిద్ర లేసేది. పాలు క్యాన్లల్ల పోసి సైకిల్‌కు కట్టుకోని పోయి ఇండ్లల్ల, ఇరానీ హోటల్ల పోసి, ఎండ పడంగ వచ్చి జొన్నరొట్టె ముందట కూసునేది. వచ్చేటప్పుడు హోటల్ల అందరు చదివి పడేసిన ఇంగ్లీషు పేపర్ చంకల పెట్టుకోని వచ్చేది, చాయ మరకలతోని. నేను డిగ్రీ చదువుతున్న, కామర్స్. ఆయన తింటుంటే నేను చదివి తెలుగుల చెప్పాలె. అది మా ఇద్దరి పొద్దటి పూజ అనుకోండ్రి.

బాపు ఎవరి మాటా ఊకె నమ్మే మనిషి కాదు. పుచ్చపండు కొంటే కోయించి తిని చూసేది. పంచాంగం చెప్పే అయ్యగారిని సుత పోయినేడు వాన ఎందుకు తప్పిందని నిలదీసేది. ఇగ బర్రె కొనుడైతే పెద్ద తతంగం. అమ్మేటోడు ఇన్ని లీటర్లు ఇస్తదని ఎంత చెప్పినా లెక్కలోకి రాదు. కొనేటోడు బకీటు, బొంత పట్టుకోని వాళ్ళ కొట్టంలనే మకాం పెడ్తడు. సాయంత్రం తానే పిండి చూస్తడు, మల్ల పొద్దుగాల, మల్ల సాయంత్రం. ఎందుకంటే అమ్మేటోడు ముందటి పూట పిండకుండ ఆపిండనుకో, పొదుగు నిండ పాలుంటయి, ఒక్క పూట చూసినోడు మోసపోతడు. మూడు పూటలైనంక అసలు పాలెన్నో తేల్తది. అప్పుడు ఇద్దరి చేతుల మీద రుమాలు కప్పుకోని, వేళ్ళతోని ధర తేల్చుకోని, చెయ్యి కలుపుతరు. కలిపినంక ఇగ మాట తిరుగుడు లేదు. మా కులంల ఇప్పటికి చెయ్యి కలిపి తప్పినోన్ని పెండ్లికి పిలువరు.

గసొంటి బాపు కండ్ల ముందట ఆ ఏడాది షేర్ల గాలి లేసింది. అబ్బ, ఏం దినాలవి! తల్సుకుంటే ఇప్పుడు సుత నాకు ఒళ్ళు పులకరిస్తది. అప్పటిదాక హోటల్ల క్రికెట్ తప్ప ఇంకో ముచ్చట లేకుండె. ఒక్కపారి అందరు షేర్లు, షేర్లు. టేలర్ సూదులు నోట్ల పెట్టుకోనే ధరలు అడిగేది. ఫలక్‌నుమా దిక్కు వర్క్‌షాపుల పనిజేసేటోళ్ళు చిట్టీలెత్తుకోని కొన్నరు. కిరాణ దుకాణంల ఉప్పు పక్కపొంటి షేర్ల దరఖాస్తులు పెట్టిండ్రు. పేపర్ల విలాయతోళ్ళు మన మార్కెట్‌ను పొగుడుడే పొగుడుడు. ఇప్పుడే నిద్ర లేసిన ఏనుగని ఒకాయన రాసిండు. నేను అది చదివి చెప్తే బాపు రొట్టె నముల్తనే, "ఏనుగైనా ఎలుకైనా, పాలెన్ని ఇస్తదో రాసిండా లేదా చూడు బిడ్డా" అన్నడు. నేను పడిపడి నవ్విన.

మా దిక్కు షేర్లకు పెద్ద దిక్కు సదానందం సార్. సర్కారు ఆఫీసుల లెక్కలు చేసి రిటైరైన మనిషి. ప్రతి ఆదివారం పొద్దుగాల ఒక ఫంక్షన్ హాలు మీది అంతస్తుల బోర్డు పెట్టి, రంగురంగుల సుద్దముక్కలతోని గీతలు గీసి, ఏ కంపెనీ షేరు పెరుగుతదో చెప్పేది. సఫారీ సూటు, నూనె పెట్టి దువ్విన తల, గంట కొట్టినట్టు గొంతు. మోసగాడు మాత్రం కాదు, ఆ మాట ముందే చెప్తున్న. తాను చెప్పింది తాను నమ్మిండు, తన పైసలు సుత అందులనే పెట్టుకున్నడు. బాపును నేనే గుంజుకపోయిన. హాలు కిక్కిరిసి ఉన్నది. సార్ చెప్పుడు అయిపోయి అందరు సప్పట్లు కొడ్తుంటే, మా బాపు లుంగీ సర్దుకోని లేసి నిలవడ్డడు. నేను ఆయన అంగీ పట్టుకోని కిందికి గుంజిన.

"సార్, మీరు చెప్పేటియి మంచిగనే ఉన్నయి. కని మేము బర్రెను కొంటే మూడు పూటలు పిండినంకనే చెయ్యి కలుపుతం. మిమ్మల్ని సుత గట్లనే చూస్తం, ఏమనుకోకుండ్రి" అన్నడు.

హాలంత గొల్లున నవ్విండ్రు. అందరికంటే గట్టిగ నవ్వింది సారే. పిండుకో మల్లయ్యా, నాకేం భయం లేదన్నడు. అట్ల మొదలైంది మా పరీక్ష. ఒక ఆదివారం సార్ పేర్లు చెప్పుడు, నేను రాసుకొచ్చుడు, మల్ల ఆదివారం దాక పేపర్ల ధరలు చూసుడు. అవి పెరిగినయి! మొదటి వారం పెరిగినయి, రెండో వారం పెరిగినయి. మూడో వారం నేను ధరలు చదువుతుంటే నా గొంతే నాకు ఆగలేదు, పక్కింటోళ్ళు ఏమైందని గోడ మీదికెళ్ళి తొంగి చూసిండ్రు. బాపు చెయ్యి కడుక్కోని వచ్చి, రుమాలు దులిపి భుజానేసుకోని, "దిగినయి బిడ్డా పాలు" అన్నడు. ఇగ ఆయనకు అనుమానం లేదు. ఆయన పరీక్షల సార్ పాసైండు.

ఇక్కడనే ఉన్నది మతలబంతా. అది నాకు సమజైంది ఎన్నో ఏండ్లకు, క్లాసుల పిల్లలకు పాఠం చెప్పుకుంట. మేము సార్ చెప్పిన పేర్లే చూసినం. వాటికి మీది లైను, కింది లైను చూడనే లేదు. చూసుంటే అవి సుత పెరిగినయి. ఆ దినాలల్ల పెరగంది లేదు. టేలర్ చెప్పినయి పెరిగినయి, కిరాణమామ చెప్పినయి పెరిగినయి, నేను కండ్లు మూసుకోని పేపర్ మీద ఏలు పెడ్తే అది సుత పెరిగేది. మేము ఒక బర్రెనే పిండి సంబురపడ్డం, పక్క బర్రెను ముట్టుకోలేదు. బర్రెల కాడ ఎన్నడు మోసపోని మనిషి, ఆ బర్రెల లెక్కతోనే మోసపోయిండు. నాకైతే నవ్వొస్తది, ఏడుపొస్తది, రెండు ఒక్కపారే.

బాపు కొట్టం అమ్ముతనన్నడు. ఒక్కటి సుత ఉంచకుండ అన్ని బర్రెలు అమ్మి, వచ్చింది తీస్కపోయి సార్ చెప్పిన షేర్లల్ల పెడ్తనన్నడు. "బర్రెకు గడ్డెయ్యాలె, షేరుకు ఏమెయ్యాలె బిడ్డా?" అని నన్నే అడిగి, ఏమొద్దు గదా అని ఆయనే నవ్వుకున్నడు. పొద్దెక్కిందాక పండుకుంట, ఇస్త్రీ అంగీ ఏసుకోని హోటల్ల కూసుంట అన్నడు. నేనైతే ఎగిరి గంతేసిన. అమ్మ కొట్టం దిక్కు చూసింది. అమ్మకు ఆ కొట్టమే పుట్టిల్లు, అత్తగారిల్లు అన్నీ. అందుల రాణి ఉన్నది. ముర్రా బర్రె, సుట్టలు తిరిగిన కొమ్ములు, దూడప్పటి నుంచి అమ్మ చేతులనే పెరిగింది. దీపావళి కాడి సదర్ పండుగొస్తే దానికి నూనె రుద్ది గవ్వల దండ కట్టేది అమ్మ, ఆ దినం తాను చీర మార్చుకునుడు సుత మర్చిపోయేది. బాపు ముచ్చట అంత ఇని అమ్మ, "రాణి పోతే నేను పొద్దుగాల లేసి ఏం చెయ్యాలె?" అని అడిగింది. బాపు రుమాలు దులుపుకోని బయటికి పోయిండు.  షేర్లు పడిపోతయని అమ్మకు తెల్వదు, పెరుగుతయని సుత తెల్వదు. ఆమెకు కావాల్సింది రాణి, అంతే.

గుడిమల్కాపూర్ నుంచి యాదగిరి అనే ఆయన కొననీకి వచ్చిండు, బకీటు బొంత తెచ్చుకోని. మొదటి సాయంత్రం మిగిలిన బర్రెలు పిండి చూసిండు, రాణి కాడికొచ్చేసరికి అది పాలు దింపలేదు. కొత్త చెయ్యి పడ్తే ఎగబెట్టింది. ఇగ బాపు అమ్మను పిలిచిండు. అమ్మ వచ్చి రాణి మెడ కింద చెయ్యి పెట్టి గోకుకుంట నిలవడ్డది. అమ్మ చెయ్యి తగలంగనే దిగినయి పాలు. తన బర్రెను తోలుకపొయ్యేటోని బకీటు నిండాలంటే అమ్మనే దగ్గర నిలవడాల్సొచ్చింది. అది చూసినంక షేర్ల మీద నా సంబురం ఆ పూటనే సగం సచ్చింది.

తెల్లారి రెండో పూట సుత అట్లనే అయింది. బాపు సైకిల్ మీద పోయి, ఎప్పటికంటే జల్ది వచ్చిండు. రొట్టె వద్దన్నడు, పేపర్ ఇచ్చిండు. హోటల్ల ఎవ్వలు మాట్లాడుతలేరన్నడు. పేపర్ మొదటి పేజీల్నే ఉన్నది, మార్కెట్ ఘోరంగ పడ్డదని. నేను మెల్లగ చదివిన. "మల్ల చదువు" అన్నడు. మల్ల చదివిన. ఇద్దరం ఉరికి కిరాణ దుకాణంల ఫోన్ కలిపినం. సార్ గొంతు ఎప్పటి లెక్కనే ఉన్నది. ఇది చిన్న కుదుపే, వారంల లేస్తది, ఇప్పుడైతే అగ్గువకొస్తయి, కొననీకి ఇదే టైం అన్నడు. బాపు ఫోన్ల మెల్లగ, "బర్రెలు అమ్ముమంటరా సార్, ఆగుమంటరా?" అని అడిగిండు. సార్ అవతల నుంచి, "మూడు పూటలు పిండి చూసినవ్ గద మల్లయ్యా, ఇంకేం అనుమానం?" అన్నడు. బాపు ఫోన్ పెట్టేసి దుకాణం మెట్ల మీద కూసున్నడు. పేపరొకటంటున్నది, సారొకటంటున్నడు. ఆయన తన జిందగీల అంత ఫికర్ పడంగ నేను చూడలేదు.

ఇగ మూడో పూట. సాయంత్రం యాదగిరి అన్ని బర్రెలు పిండి, చివరికి రాణిని పిండి, నురుగు బకీటు మీదికి లేసేదాక నింపి, సంతోషంగ లేసిండు. చెయ్యి తుడుసుకోని, దాని మీద రుమాలు కప్పుకోని ముందుకు చాపిండు. అమ్మ ఇంకా రాణి మెడ కాడనే ఉన్నది. నేను గుంజ పట్టుకోని నిలవడ్డ. బాపు చెయ్యి కలిపితే మా కొట్టం పోయినట్టే, ఇగ ఎనక్కు రాదు. బాపు రుమాలు దిక్కు చూసిండు, అమ్మ దిక్కు చూసిండు, చెయ్యి మాత్రం లేపలేదు.

"యాదగిరీ, రేపు పొద్దుగాల ఇంకో పూట పిండి చూడు" అన్నడు.

యాదగిరి మొఖం మారిపోయింది. ఇన్నేండ్లల్ల ఏ అమ్మేటోడు సుత ఇంకోపారి చూసుకో అనలేదు ఆయనతోని. కొనేటోడు ఇంకో పూట అడిగితే అమ్మేటోడు లొల్లి పెడ్తడు గని, అమ్మేటోడే అడుగుడు ఏంది? పోయి రాణి పళ్ళు చూసిండు, పొదుగు ఒత్తి చూసిండు, తోక ఎత్తి చూసిండు. ఏం దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం ఇంకింత పెరిగింది. "అన్నా, అమ్మేటోనివి నువ్వే మల్ల చూడుమంటున్నవంటే ఇందుల ఏదో ఉన్నది. నాకొద్దు నీ బర్రెలు" అన్నడు. బొంత సుట్టుకున్నడు, బకీటు పట్టుకున్నడు, పోయిండు. బాపు చెయ్యి అట్లనే పక్కకు ఏలాడేసుకోని నిలవడ్డడు. అప్పుడు అమ్మ నవ్వింది. మొదలు కొంగు అడ్డం పెట్టుకోని, తర్వాత ఆగలేక గడ్డి మీద కూలబడి, కండ్లల్ల నీళ్ళు కారేదాక నవ్వింది. అమ్మ అట్ల నవ్వంగ నేను అంతకుముందు చూడలేదు, తర్వాత చూడలేదు. రాణి మెడ తిప్పి అమ్మను చూసుకుంట నిలవడ్డది.

ఆ తర్వాత మార్కెట్ లేవలేదు, ఇంకా ఇంకా కిందికే పోయింది. టేలర్ ఉన్న మిషిన్లల్ల ఒకటి అమ్ముకున్నడు. ఫంక్షన్ హాలు మీది అంతస్తుకు తాళం పడ్డది. మా ఇంట్ల మాత్రం పొద్దుగాల పాలధార సప్పుడు ఆగలేదు. బర్రెలెందుకు అమ్మలేదు మల్లన్నా అని హోటల్ల అడిగితే, మొదట్ల బాపు ఉన్నదున్నట్టే చెప్పిండు. ఏం చెయ్యాల్నో తోచలేదు, ఇంకో పూట అడిగిన, కొనేటోడు భయపడి పోయిండన్నడు. ఎవ్వలు ఇనలేదు. ఇంత పెద్ద మార్కెట్ ముచ్చటకు అంత చిన్న జవాబు ఎవలకు గావాలె? ఇగ చాయ చాయకు కథ కొంచం కొంచం పెరిగింది. సదర్ వచ్చేసరికి బాపు అన్నీ ముందే పసిగట్టిన మనిషైండు. షేర్లు కొందామా వద్దా అని ఆయననే సలహా అడిగేటోళ్ళు తయారైండ్రు. ఆయన సుత కాలు మీద కాలేసుకోని చెప్పేది. అమ్మ అది ఇన్నప్పుడల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకోని లోపటికి పోయేది.

సదానందం సార్ ఒకనాడు మా ఇంటికొచ్చిండు. సఫారీ సూటు వదులైంది మనిషికి. అమ్మ సల్ల ఇస్తే తాగి, "పడ్డది లేస్తది మల్లయ్యా. ఏండ్లు పట్టొచ్చు. లేసిందంటే మనం అనుకున్నదానికంటే ఎన్నో రెట్లు లేస్తది" అన్నడు. అప్పటికి ఆయన మాట ఇనేటోడు లేడు. మేము సుత మర్యాదకు తల ఊపినం. చూస్తే ఆయన అన్నట్టే అయింది! లేసింది, మస్తు లేసింది, ఇంకా లేస్తనే ఉన్నది. అంటే బాపు ఆ దినం చెయ్యి కలిపి, షేర్లు కొని, వాటిని ముట్టుకోకుండ పెట్టెల పెట్టుంటే, ఈ గల్లీల సగం మాదే అయ్యుండేది. కని ఆ నడుమ ఏండ్లు మేము ఏం తింటుంటిమి, నా ఫీజు ఎవరు కడ్తుండె, అది ఏ సారూ చెప్పలేదు. సార్ చెప్పింది తప్పా, ఒప్పా? నేను ఏండ్లకేండ్లు పిల్లలను అడిగిన, నాకు నేను అడుక్కున్న. ఇప్పటికి తేల్చలేదు. అప్పుడు సార్ మాట వారానికొక్కసారి వచ్చేది, అది నిజమో కాదో చూసుకోనీకి మాకు వారం ఉండె. ఇప్పుడు నా ఫోన్ల పొద్దున లేస్తే పది మంది సార్లు. నేను చాయ గిలాస పెదవికి ఆనిచ్చేలోపల వాళ్ళ మాట మారిపోతది. ఎవడు నిజమో చూడాలంటే ఒక్క పూట ఆగే మనిషేడి?

ఇదంత నవ్యకు చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట దాని మొఖం చూసి నాకే బాధైంది. పిల్ల చిన్నప్పటి నుంచి ఆ కథ పట్టుకోనే ఇంతదూరం వచ్చింది గదా. 

"అంటే తాతకు తెల్వదా అత్తా?"

"తెల్వదు బిడ్డా. ఎవ్వలకు తెల్వదు. మీ తాత ఇంకో పూట అడిగిండు, అంతే."

రాణి ఏమైందని అడిగింది. మా కొట్టంలనే ముసలిదై, అమ్మ చేతులనే పోయిందన్న. ఇగ నవ్య నవ్వుడు మొదలుపెట్టింది. కుర్చీల కూసోలేక కింద కూసోని, కండ్లు తుడుసుకుంట నవ్వింది. అచ్చం అమ్మ నవ్వు. 

నిన్న సాయంత్రం టీవీల వచ్చింది. మా కిరాయిదార్లు, పక్కింటోళ్ళు, తమ్ముడు, మరదలు, అందరం నా రూములనే ఇరికి కూసున్నం. పట్టుచీరల నవ్య ఎంత మంచిగ కనవడ్డదో! తాత కథ చెప్పింది, జరిగింది జరిగినట్టు. సార్‌కు తెల్వదని చెప్పింది, తాతకు తెల్వదని చెప్పింది, యాదగిరి బొంత సుట్టుకోని పోయింది సుత చెప్పింది. తమ్ముడు నోరెళ్ళబెట్టి నా దిక్కు చూసిండు. నేను మెడ నిలబెట్టుకోని కూసున్న. నా కంట్లె నీళ్ళు తిరిగినయి, సంబురంతోని. ప్రోగ్రాం చేసేటాయన మస్తుగ నవ్వి, కాయితాలు సర్దుకోని, అదంత సరే గని మేడం, వచ్చే ఏడాది మన మార్కెట్ ఎంత పెరుగుతదో ఒక్క మాటల చెప్పుండ్రి అన్నడు. నవ్య ఊపిరి పీల్చుకున్నది. సరిగ్గ అప్పుడే కిరాయిదార్ల పసిపిల్ల ఏడుపు అందుకున్నది. నేను కుర్చీ అంచుకొచ్చి, "అరే పిల్లను బయటికి తీస్కపోండ్రి, సౌండు పెంచుండ్రి, అది ఎంత చెప్తదో ఇననియ్యుండ్రి" అని లొల్లి పెట్టిన.